మరమగ్గాల చప్పుడు

హైటెక్ సిటీలోని ఒక హోటల్లో పాత పరిశ్రమల చరిత్రపై సదస్సు. భోజనాలయ్యాక నా వంతు వచ్చేసరికి హాలు సగం ఖాళీ అయింది. మూతపడిన బట్టల మిల్లు గురించి ఎన్నోచోట్ల చెప్పిన సంగతులే మళ్లీ చెప్పాను. చివర్లో, ఆ మిల్లు నడిచే రోజుల్లో నేను రికార్డు చేసిన మరమగ్గాల చప్పుడు వినిపించి, కుర్చీలో కూలబడ్డాను.

ఒక యువతి దగ్గరికొచ్చింది. "సార్, మా నాయన ఆ మిల్లులనే పనిచేసిండు. ఆ చప్పుడు జర మళ్ల పెడ్తరా?" అని, బాచుపల్లిలో ఉన్న తండ్రికి ఫోన్ కలిపింది.

పెట్టాను. ఆయనకు విసుగొచ్చిందేమోనని, ఆపేయనా అని ఆ అమ్మాయిని అడుగుతుంటే ఫోన్లోంచి పెద్దాయన గొంతు వినబడింది.

"ఆపకు బిడ్డా. ఇంకింతసేపు ఉండనియ్యి."

మిగతావాళ్లందరూ టీకి వెళ్లిపోయారు. నాకు లేచే ఓపిక లేదు. రికార్డింగు అయిపోగానే మళ్లీ మొదటినుంచి పెట్టాను.