అక్క గోల్ఫ్ బ్యాగూ, అమ్మ పక్క సీటూ

మా చిన్నప్పుడు... స్ప్రింగ్ సెలవులు రాగానే కారు డిక్కీలో ముందు ఎక్కేది బట్టల పెట్టె కాదు, నాన్న గోల్ఫ్ బ్యాగు. దాని పక్కన ఇంకో చిన్న బ్యాగు... అది అక్కది. మూడోది ఉండేది కాదు. ఉంటే అది నాదయ్యేది.

అప్పట్లో మేం పామర్‌స్టన్ నార్త్‌లో ఉండేవాళ్లం... మన దసరా రోజుల్లోనే స్ప్రింగ్ వచ్చే దేశం అది. నాన్నది హాస్పిటల్ ల్యాబ్‌లో ఉద్యోగం. ఏడాదంతా ఆదివారం కూడా సరిగ్గా దొరకని మనిషి, ఆ సెలవుల్లో మాత్రం సముద్రం ఒడ్డున ఉన్న గోల్ఫ్ కోర్సులన్నీ వరసగా తిరిగేవాడు. లింక్స్ అంటారు వాటిని. ఇసుకదిబ్బల మీద గడ్డి, ఒక పక్క అలలు, నీడకి ఒక్క చెట్టు ఉండదు... గాలి మనిషిని నిలవనివ్వదు. ఇవాళ ఒక ఊరు, ఒక మోటెల్... రేపు ఇంకో ఊరు.

నాన్నా అక్కా ఆడేవాళ్లు. అమ్మా నేనూ కారులో. అమ్మ ఒళ్లో స్టీలు క్యారియర్... పులిహోర, దద్దోజనం, ఊరమిరపకాయలు. ఉప్పుగాలికి కిటికీ అద్దం మసకబారేది. ఆ మసకలోంచి నేను చూసేది ఒక్కటే... అక్క భుజం మీద నాన్న చెయ్యి.

నాకెంత కుళ్లుగా ఉండేదంటే, అక్క బంతి దిబ్బ చాటున పడి దొరక్కపోతే ఆ పూట పులిహోర ఇంకో రెండు ముద్దలు ఎక్కువ దిగేది. నేనెప్పుడు ఆడతానని అడిగితే నాన్న వచ్చే ఏడు చూద్దామనేవాడు. ఆ వచ్చే ఏడు ఎంతకీ వచ్చేది కాదు.

నాకు ఎనిమిదేళ్లప్పుడు ట్రిప్ మధ్యలో మహర్నవమి పడింది. అమ్మ ఊరుకుంటుందా... మోటెల్ ముందు కారు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టింది. రెండు బ్యాగులూ నిలబెట్టి, ఒక్కో గోల్ఫ్ కర్రకీ పసుపు రాసి కుంకుమబొట్టు పెట్టింది. నాదంటూ ఏమీ లేదు కాబట్టి నా వాటర్ బాటిల్‌కీ ఓ బొట్టు పెట్టింది. దాంతో నాకు ఇంకా మండింది. మోటెల్ ఓనరమ్మ ఏమైందోనని బయటికొస్తే, అమ్మ ఆవిడ చేతిలో అరటిపండు పెట్టి పంపేసింది.

అసలు సంగతి కోర్సు దగ్గరికి వెళ్లాక బయటపడింది. నాన్న డిక్కీ తెరవబోతే అమ్మ అడ్డం నిలబడింది. ఆయుధపూజ చేసిన పనిముట్టు ఆ రోజు వాడకూడదట. రేపు దశమి, రేపు ఆడుకోండి అంది.

"పూజ కారుకీ చేశావుగా. మరి అందులోనే డ్రైవ్ చేసుకుని వచ్చాం," అన్నాడు నాన్న.

"కారు మనల్ని మోసుకొచ్చింది. దాంతో మనం దేన్నీ కొట్టలేదుగా," అంది అమ్మ.

నాన్న డిక్కీ వదిలేశాడు. అద్దె కర్రలేమైనా దొరుకుతాయేమోనని క్లబ్‌హౌస్‌లోకి వెళ్లాడు. సెలవులు కదా, పెద్దవాళ్ల సెట్లన్నీ అప్పటికే ఎవరో తీసుకుపోయారు. అక్కడున్న ముసలాయన వెతికి వెతికి ఒక పిల్లల సెట్టు బయటికి తీశాడు. ముందు అక్కే పట్టుకుని చూసింది. ఆ ఏడాది తాడిచెట్టులా ఎదిగిపోయింది కదా... ఎంత వంగినా కర్ర నేలకి అందలేదు. నాకు మాత్రం కొలిచి చేసినట్టు సరిపోయింది.

ఆ రోజు నాన్నతో నడిచింది నేను. కారులో కూర్చుంది అక్క. దిబ్బ ఎక్కుతూ దాని మాడిన మొహం చూడటానికి ఎన్నిసార్లు వెనక్కి తిరిగానో... నాన్న నా వెనక నిలబడి, నా చేతుల మీద చేతులు వేసి పట్టు నేర్పాడు. మొదటి దెబ్బకి బంతి కదల్లేదు, గడ్డి లేచింది. రెండో దెబ్బకి కాస్త దూరం దొర్లింది.

"అక్కకి కూడా మొదటిరోజు ఇంత దూరం వెళ్లలేదు చిట్టీ," అన్నాడు నాన్న.

ఆ మాట అక్క వింటే బాగుండునని కారు వైపు చూశాను. అక్క ఇటు చూడనే లేదు. సీటు వెనక్కి వాల్చుకుని, కాళ్లు డాష్‌బోర్డు మీద పెట్టి, అమ్మ కలిపి పెడుతున్న ముద్దలు తింటోంది. అమ్మ ఏదో చెప్తోంది... ఇద్దరూ పడీ పడీ నవ్వుతున్నారు. నాకు చెప్పే కథలే దానికీ చెప్తోందా? నా ఊరమిరపకాయలు కూడా దానికే పెట్టేసిందా?

ఇక అంతే. చేతిలో కర్ర ఉంది, పక్కన నాన్న ఉన్నాడు, ఎదురుగా సముద్రం ఉంది... కళ్లు మాత్రం కారు మీదే. తర్వాత ఒక్క బంతీ సరిగ్గా తగల్లేదు. చెయ్యి నొప్పిగా ఉందా అని నాన్న అడిగితే అవునన్నాను.

మర్నాడు దశమి. డిక్కీలోంచి బ్యాగులు దిగాయి. నేను మళ్లీ అమ్మ పక్కన కూర్చుని, కిటికీలోంచి అక్కని చూసి మళ్లీ కుళ్లుకున్నాను... అదేం బుద్ధో.

ఇప్పుడు నేను అదే దేశంలో టౌరంగా అనే ఊళ్లో ఉంటున్నాను. మొన్న పనిలో ఉండగా ఫ్యామిలీ గ్రూపులో ఫొటో వచ్చింది. నాన్నా అక్కా మళ్లీ లింక్స్ టూరు వెళ్లారు, అమ్మనీ, అక్క ఆరేళ్ల కూతుర్నీ వెంటబెట్టుకుని. నన్నూ రమ్మన్నారు, లీవు దొరకలేదు. నాన్నకి ఇప్పుడు మోకాళ్లు సహకరించవు, బ్యాటరీ బండిలో తిరుగుతున్నాడు. సముద్రం ఎంత బాగుందో అని అందరూ హార్ట్‌లు పెడుతున్నారు. నేను ఫొటోలో ఓ మూల జూమ్ చేశాను... కారు, తెరిచిన తలుపు, గిన్నె పట్టుకున్న అమ్మ. పక్క సీట్లో మేనకోడలు, ముద్ద కోసం నోరు తెరుచుకుని.

అమ్మకి ఫోన్ చేశాను. పాపం, పిల్లకి సెట్టు కొనలేదా అని ఏమీ ఎరగనట్టు అడిగాను. కొన్నారట. గులాబీరంగు బ్యాగట. నవమికి బొట్టు కూడా పెట్టారట.

"తాతయ్య రమ్మంటూనే ఉన్నారే. ఐ విల్ సిట్ విత్ అమ్మమ్మ అంటుంది. నీలా కాదు ఇది... నువ్వు నా పక్కన కూర్చుని కూడా ఆ ఆట దగ్గరే ఉండేదానివి," అంది అమ్మ.

ఆరేళ్ల పిల్లని చూసి కడుపు మండుతోందని ఇంట్లో ఎవరికి చెప్పుకోను? అందుకే ఇక్కడ చెప్పుకుంటున్నాను. ఇప్పుడు పిల్లలకి ఎవరి సెట్టు వాళ్లకుంది, ఎవరూ కిటికీలోంచి చూస్తూ కూర్చోనక్కర్లేదు. అయినా ఆ పిల్ల అమ్మ పక్క సీటే కావాలంది... నాకు ఆ తెలివి అప్పుడు లేకపోయింది.

మీకూ అలాంటి చోటు ఒకటి ఉండే ఉంటుంది... అందులో ఇప్పుడు ఎవరు కూర్చుంటున్నారో చెప్పండి.