రేడియో పగిలాక కూడా ఆగని పాట

దయ్యాలంటే నాకు మొదట్నుంచీ నవ్వే. మా వీధిలో దయ్యం పట్టిందన్న ఆడవాళ్లందర్నీ దగ్గరుండి చూశాను. వాళ్లని పట్టింది అత్తగారో, తాగొచ్చే మొగుడో తప్ప ఇంకెవరూ నాకు కనపడలేదు. ఇప్పటికీ నా అభిప్రాయం మారలేదు. అయినా ఒక ఆదివారం సాయంత్రం మా ఇంట్లో జరిగినదానికి నా దగ్గర జవాబు లేదు.

మాది బొబ్బిలి, వీణలు చేసే ఇల్లు. అరవయ్యో దశకం చివరి రోజులు. మా ఆయన, వాళ్లన్నయ్య ఒకే సావిట్లో పని చేసేవారు. మా బావగారి పనితనం చూడ్డానికి ఎక్కడెక్కణ్నుంచో వచ్చేవారు. ఆయన కోపం మాత్రం మేమే చూడాలి. చేతిలో ఏ పనిముట్టుంటే అది లేచేది. కుక్క అడ్డొచ్చిందని ఒకసారి ఉలి విసిరితే పాపం దాని కాలు పోయింది.

వీణకి మెట్లు బిగించేటప్పుడు మా ఇంట్లో ఎవరూ నోరు మెదపకూడదు. మెత్తటి మైనం మీద ఇత్తడి మెట్లు నిలబెట్టి, తీగ మీటి, చెవితో విని, మైనం గట్టిపడేలోపు ఒక్కోదాన్నీ వెంట్రుకవాసి జరపాలి. ఆ సమయంలో గిన్నె చప్పుడైనా నేరమే. కాపురానికొచ్చిన కొత్తలో నేను తుమ్మితే, బావగారు విసిరిన సుత్తి నా చెవి పక్కనుంచి వెళ్లి గోడకి గుంట పెట్టింది. ఆ గుంటని రోజూ చూస్తూ దగ్గునీ ఏడుపునీ కూడా మింగడం నేర్చుకున్నాను.

మా ఆయనకి రేడియో పిచ్చి. విశాఖపట్నం రేవులో ఓ ఓడ మనిషి దగ్గర పెద్ద రేడియో కొన్నాడు. ఇటలీలో ఒక నాటకశాలలో ఆ ఆదివారం పాతకాలపు ఒపేరా ఉందని, అక్కడ పాడుతుండగానే ఇక్కడ వినొచ్చని ఆ ఓడ మనిషే చెప్పాడట. ఒపేరా అంటే కథంతా పాటే. ఇందులో ఆఖర్న మొగుడు అనుమానంతో పెళ్లాన్ని పొడిచేస్తాడట. వినడానికి ఎంత ముచ్చటైన కథో చూడండి!

"అక్కడింకా మజ్జాన్నమే. ఇప్పుడే, ఈ నిమిషంలోనే పాడతన్నారు, తెల్సిందేటి?" అని మా ఆయన చిన్నపిల్లాడిలా మురిసిపోయాడు.

ఖర్మ కాకపోతే ఆ దీపాల వేళకే బావగారు విజయనగరం మేష్టారొకాయన వీణకి మెట్లు బిగిస్తున్నారు. తెల్లారితే ఆయన వచ్చి పట్టుకెళ్లాలి.

"ఒరే, దాన్నాపు" అన్నారు బావగారు.

మా ఆయన దాని గొంతు తగ్గించాడే గానీ ఆపలేదు. రేడియోలో మగవాడు గర్జిస్తున్నాడు, ఆడమనిషి బతిమాలుతోంది. భాష తెలియకపోయినా ఆ బతిమాలడం నాకు బాగా తెలుసు.

"మైనం ఆరిపోతన్నాదిరా! ఆపుతావా, పీక కొయ్యమంతావా?"

"ఆకరికొచ్చింది అన్నియ్యా. ఈరోజు పోతే మరి దొరకదు."

బావగారు లేచారు. చెక్క చెక్కే బాడిస తీసుకుని ఒక్క వేటు వేశారు. రేడియో రెండు ముక్కలైంది. లోపలి గాజు దీపాలు టపటపా పేలాయి, కరెంటు తీగ తెగి నేలమీద పడింది. మా ఆయన మోకాళ్ల మీద కూలబడి ఆ ముక్కలు ఏరుకుంటూ, "సంపేసినావు కదరా దాన్ని!" అన్నాడు.

అన్నని 'రా' అనడం పుట్టి బుద్ధెరిగి అదే మొదలు. బావగారి మొహం నల్లబడిపోయింది. బాడిస మళ్లీ పైకి లేచింది. ఈసారి దాని కింద ఉన్నది వంగిన నా మొగుడి మెడ.

నేను గుమ్మంలోనే ఉన్నాను. అరుద్దామని నోరు తెరిచాను. గొంతులోంచి గాలి కూడా రాలేదు. అన్నేళ్లు అణిచిపెట్టిన గొంతు ఆ క్షణాన నాకు పనికిరాలేదు.

అప్పుడు వినిపించింది అరుపు. పాటలోంచి తెగి కేకగా మారిన ఆడగొంతు. బావగారి వీపు వెనక, పీట మీద పెట్టిన వీణ బోలు కుండలోంచి వచ్చింది. ఆయన ఉలిక్కిపడి వెనక్కి తిరిగారు. వేటు తప్పింది. మెడ మీద పడాల్సిన బాడిస నేల మీద ఆనించి ఉన్న మా ఆయన ఎడమచేతి మీద పడింది. రెండు వేళ్లు తెగిపోయాయి. రక్తం చిమ్మి ఆరని మైనం మీద కూడా పడింది.

పాట ఆగలేదు. ఆ ఆడగొంతు ఊపిరి పీల్చుకుంది, ఏడ్చింది, సన్నగిల్లింది. మగగొంతులు కేకలు వేశాయి. ఆ తర్వాత చప్పట్లు, వందలమంది చప్పట్లు. అవి ఆగేదాకా ముగ్గురం కదల్లేదు. తర్వాత బావగారు తువ్వాలుతో తమ్ముడి చెయ్యి కట్టి, రిక్షా కోసం వీధిలోకి ఏడుస్తూ పరిగెత్తారు.

మా వీధిలో ఇంకో రేడియో లేదు. పెద్ద శబ్దానికి తీగలు వాటంతటవే మోగుతాయని వీణ కోసం వచ్చిన మేష్టారు నచ్చజెప్పారు. కూనిరాగం తీస్తే తీస్తాయి, ఒప్పుకుంటాను. ఊపిరి పీలుస్తాయా? చప్పట్లు కొడతాయా?

ఆ వీణని మేష్టారికి ఇవ్వలేదు. బావగారు గొడ్డలి తెచ్చి, ఆ పనస కర్రని ముక్కముక్కలుగా నరికి లోపల వెతికారు. ఏమీ లేదు. ఆ తర్వాత ఆయన ఎవరిమీదా చెయ్యెత్తలేదు. మెట్లు బిగించే పని కూడా మానేశారు.

ఆయన మంచాన పడ్డాక ఒకరోజు, నేను జావ తాగిస్తుంటే అన్నారు: "ఆ పాటేటో నాకు తెల్దు, అరుపు మాత్రం నీదే. ఆ రోజు నువ్వరవబట్టి సరిపోయింది గానీ అమ్మా, నేకపోతే నా తమ్ముణ్ణి నా సేత్తోనే సంపేద్దును."

"నేనరవలేదు బావగారూ" అన్నాను. "మీ ఇంట్లో నాకు అరవడం ఎక్కడ మిగిలింది?"

ఆయన గోడ మీది గుంటకేసి చూశారు. "మరెవులమ్మా?" అన్నారు.

ఎక్కడో పేరు తెలియని నాటకశాలలో ఒకావిడ ఉత్తుత్తినే చచ్చిపోతూ అరిచింది, ఇక్కడ నా మొగుడు నిజంగా బతికాడు. ఆ అరుపు నేను అరవాల్సింది. నా నోట రానిది ఆ వీణలోంచి ఎలా వచ్చిందో నాకు ఇప్పటికీ తెలీదు.