బుష్రా అడిగే తీరు

నకిరేకల్ బుష్రా మాటకారి కాదు. చర్మ క్యాన్సర్ ఎందుకొస్తుందో తెలుసుకోవడానికి పట్నంలోని ఒక పెద్ద దవాఖాన చేయిస్తున్న సర్వేలో ఊరూరా తిరిగి అడగడం ఆమె పని. జబ్బు వచ్చినవాళ్లనూ అడగాలి, అదే పనిలో ఉండి జబ్బు రానివాళ్లనూ అడగాలి. చిక్కంతా అక్కడే. జబ్బు పడ్డ మనిషి 'నాకే ఎందుకొచ్చింది' అని బతుకంతా తవ్వుకుని ఉంటాడు. ఎండ, రంగు, పురుగుమందు అన్నీ గుర్తే. బాగున్నవాడికి ఆ అవసరం పడదు, గుర్తుండదు. ఇద్దరికీ ఒక్కలా గుర్తుకొచ్చేలా అడగకపోతే చేసిందంతా వృథా అని శిక్షణలో డాక్టరమ్మ చెప్పింది. చెప్పడం తేలికే. చేయడానికి నేర్పు కావాలి. అది బుష్రాకు పట్టుబడింది.

నల్లగొండ వైపు ఒక చేనేత ఊళ్లో గండయ్య చేతి మీది పుండు క్యాన్సరని తేలింది. కోసి తీసేశారు. ఆ ఇంట్లో రంగు కలిపేది భార్య వెంకటనర్సమ్మ. డిజైను పడాల్సిన చోట రంగు అంటకుండా ముడులు కట్టిన నూలును ఆ రంగులో ముంచి పిండేది గండయ్య. జబ్బు తెలిసినప్పటి నుంచి కొడుకు శ్రవణ్ తల్లితో మాట్లాడటం మానేశాడు.

"రంగుతోనే అక్కా, రాసుకో" అన్నాడు శ్రవణ్. "గ్లౌజులు తెస్తనంటే అమ్మనే వద్దన్నది. గవి తొడిగితే ముడి వదులైంది చేతికి తెల్వదట."

వెంకటనర్సమ్మ తల వంచుకుంది.

"తమ్మీ, జర బయట కూసో" అంది బుష్రా. అతను వెళ్లాక గండయ్య వైపు తిరిగింది. "కాకా, నూలు ఇంటికొచ్చినకాడి నుంచి చీర మగ్గం దిగేదాక ఏమేం చేస్తరో చెప్పు." రంగు పేరు ఎత్తలేదు. పని వెంట పని చెప్పుకుపోతుంటే రంగు తన వంతు వచ్చినప్పుడే వచ్చింది.

తర్వాత ఎదురింటి గోపయ్య. గండయ్య ఈడువాడే, నేతగాడే, ఏ జబ్బూ లేదు. లోపల కూర్చుందామంటే "నాకేం దాపరికం" అని అరుగు మీదే కూర్చున్నాడు.

"రంగు ముచ్చట నన్నడగకు బిడ్డా. నేను నేసేటోన్ని." అతని మోచేతుల దాకా నీలం.

బుష్రా నవ్వలేదు. "నూలు ఇంటికొచ్చినకాడి నుంచి చెప్పు కాకా" అంది, గండయ్యను అడిగినట్టే.

గోపయ్య అందుకున్నాడు. "...ఇగ ముంచుడు, పిండుడు నేనే. మా ఆడోళ్ల చేతులల్ల బలమేడిది?"

"బలం లేకనే నీతోని ఏగుతున్ననా?" అంది లోపలినుంచి భార్య.

"గ్లౌజులు తొడుగుతవా?" అడిగింది బుష్రా.

"తొడిగితే ముడి తెల్వదు. ఈ వాడకట్టుల అందరం ఒట్టి చేతులే."

అవతలి అరుగు మీది శ్రవణ్ లేచి వచ్చాడు. "అంటే రంగుతోని కాదా అక్కా?"

"గట్ల అంటలేను. ఇద్దర్ని చూసి చెప్పరాదు, శానమందిని అడగాలె. గప్పటిదాక గ్లౌజులు తొడుగుడే మంచిది. కని తప్పు మీ అమ్మదే అని నీకెవరు చెప్పిండ్రు?"

బుష్రా మళ్లీ గోపయ్య వైపు తిరిగింది. అతను ఇంకా మగ్గం దాకా రానేలేదు.

శ్రవణ్ ఇంటికెళ్లి తల్లి పక్కన చతికిలపడ్డాడు. "నేను గూడ ఒట్టి చేతులతోనే పిండిన గదనే అమ్మా. నువ్వు చెప్తెనా? పని గట్లనే నేర్సిన."

వెంకటనర్సమ్మ కొడుకు చేతులు రెండూ వెలుతురులోకి లాక్కుని, ఒక్కో వేలూ తిప్పి చూడసాగింది.