మంచి గడ్డ

"మెట్టెలు తియ్యనక్కా. ఆయన ఉండగా తియ్యను."

"తియ్యకపోతే లోపలికి తీసుకెళ్ళరు. నర్సమ్మ ఇందాకే చెప్పింది."

"నీకేం, ఎన్నయినా చెప్తావు. నీవి ఎప్పుడో తీసేశారు."

ఆపరేషన్‌ రోజు పొద్దున్నే, విజయవాడ ఆస్పత్రి గదిలో నా తోడికోడలు అన్న మాట ఇది. ఫ్లాస్కు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డ మా మరిది తల దించుకున్నాడు.

ఆమెకు చాలాకాలంగా నడుములో పోటు, ఎడమ కాల్లో తిమ్మిరి. గ్యాసనుకుని ఉయ్యూరులో వాము నములుతూ కూర్చుంది. స్కాను తీస్తే పొట్ట వెనక, వెన్నెముకను ఆనుకుని గడ్డ కనిపించింది. సూదితో ముక్క తీసి పరీక్షకు పంపారు.

"నరం పైపొరలోంచి పుట్టిందండీ. అరుదుగా వస్తుంది. క్యాన్సర్ కాదు, మంచి గడ్డే," అంది డాక్టరమ్మ.

ఆ మాట నాకు మింగుడు పడలేదు. వాటాల్లో కాలవ పక్క పొలం ఆమెకే వచ్చింది. ఆమె కొన్న చీర రంగు దిగదు. చివరికి గడ్డ కూడా మంచిదే. నా భర్త కడుపులో లేచినదాన్ని ఏ డాక్టరూ మంచిదనలేదు.

"మంచిదైతే ఉండనివ్వచ్చుగా, కొయ్యడమెందుకు?" అన్నాను.

డాక్టరమ్మ నవ్వలేదు. అది పెరిగి కాలికి వెళ్ళే నరాన్ని నొక్కుతోందట. పొర చీల్చి గడ్డను ఒలిచేసి, నరాన్ని అలాగే ఉంచుతారట. అయినా పాదం పైకి లేవకుండా పోవచ్చని చెప్పింది. అప్పటినుంచీ నా తోడికోడలు ఆ పాదం వంకే చూసుకుంటోంది.

నా సంచిలో అరిగిన సబ్బుముక్క ఉంది. మెట్టెలు జారడానికి దాన్ని తడిపి తెచ్చాను.

"నా చెయ్యి పడకూడదనుకుంటే నీ మొగుణ్ణే తియ్యమను."

మరిది వంగాడు. ఎంత తిప్పినా ఒక్కటీ ఊడిరాలేదు.

"నువ్వే తియ్యక్కా," అంది.

తీసి కొంగున ముడేసుకున్నాను. సాయంత్రం, గడ్డ మొత్తం వచ్చేసిందని చెప్పారు. మరిది గోడకానుకుని ఏడ్చాడు. ఆ ఏడుపు చూసినా నాకు కుళ్ళే. లోపలి మనిషి అతనికి తిరిగి వస్తోంది.

మర్నాడు ఉదయం డాక్టరమ్మ వచ్చి పాదాలు ఎత్తమంది. కుడిది లేచింది. కాస్త ఆలస్యంగా ఎడమదీ లేచింది. ఆవిడ వెళ్ళాక కొంగుముడి విప్పి, ఎడమ కాలి వేలికి మెట్టె ఎక్కించబోయాను.

"నొప్పక్కా. మెల్లిగా తొయ్యి," అంది కళ్ళు తెరవకుండానే.

రెండోది మరిది చేతికిచ్చాను.