బొట్టు మీద ఫోకస్

నేను చదివింది ఐదో తరగతి వరకే. మా ఇంటి సంగతి నలుగురు చదివేలా రాయడం ఇదే మొదలు. ఎక్కడ తప్పు పోతుందోనని భయం. అయినా రాస్తాను.

పుంగనూరులో మాకు చిన్న ఫోటో స్టూడియో ఉండేది. రీలు కెమెరాల కాలంలో మా ఆయన తీసే పెళ్ళి ఫోటోలకు పలమనేరు దాకా పేరు. ఆ కెమెరాకు కన్ను పెట్టి చూస్తే నడుమ ఒక చిన్న గుండ్రం కనిపించేది. ఆయన ఆ గుండ్రాన్ని పెళ్ళికూతురి బొట్టు మీద పెట్టేవాడు. ఫోకస్ కుదరనంతసేపూ బొట్టు రెండు ముక్కలుగా విరిగి కనిపిస్తుంది. లెన్సు తిప్పగా తిప్పగా ముక్కలు కలిసి ఒక్క బొట్టు అవుతుంది. అప్పుడు నొక్కేవాడు. అదీ ఆయన పద్ధతి.

తర్వాత అందరూ కంప్యూటర్ ఆల్బం అడగడం మొదలుపెట్టారు. ఆయన బెంగుళూరుకు పోయి ఎవరో వాడిన డిజిటల్ కెమెరా తెచ్చాడు. బాడీ ఒక్కటే, లెన్సు లేదు. పాత రీలు కెమెరా లెన్సులు రెండూ దానికి పట్టాయి. పట్టాయి గానీ, ఆ లెన్సులు వేస్తే కెమెరా తనంతట తాను ఏమీ చెయ్యదు. వెలుతురు చూసుకోవడం, ఫోకస్ పెట్టడం, అంతా చేత్తోనే. అన్నిటికంటే కష్టం, దాంట్లో ఆ గుండ్రం లేదు.

తీసిన ఫోటో కెమెరా వెనక ఉన్న చిన్న తెర మీద చూస్తే బాగానే ఉండేది. మదనపల్లి ల్యాబులో పెద్ద తెర మీద వేస్తే మాత్రం కమ్మలు తళతళమంటూ ఉంటాయి, కళ్ళు మసక. ఆయన లెన్సును తిట్టేవాడు. దాంట్లో బూజు పట్టిందన్నాడు, విప్పి తుడిపించాడు. దానికీ బాడీకీ పొత్తు కుదరలేదన్నాడు. నేను నమ్మాను.

రోజూ పొద్దున స్టూడియో ముందు నన్ను కూర్చోబెట్టి, చేతికి పేపరిచ్చి, లెన్సును పరీక్ష చేసేవాడు. దూరం ఎంతో నేను మూరల్లో చెప్పేదాన్ని. మా పుట్టింట్లో పూలు కట్టి అమ్మేవాళ్ళు. చెయ్యి చాచకుండానే ఏది ఎన్ని మూరలో నా కంటికి తెలుస్తుంది. నేను మూరలు చెప్తే, లెన్సు మీది అంకెలు చూడకుండానే, లెన్సు తిరిగే ఒక కొస నుంచి బొటనవేలితో తడుముకుంటూ ఆయన తిప్పేవాడు. చూడకుండా తిప్పడం ఆయన పనితనం అనుకున్నాను.

ఇంట్లో గడప తట్టుకునేవాడు. పక్కన పెట్టిన చెంబు తన్నేవాడు. దారిలో పెట్టావని నన్ను కసిరేవాడు.

మదనపల్లి చర్చిలో ఒక పెళ్ళి ఒప్పుకున్నాడు. సంచి మోయడానికి నేనూ వెళ్ళాను. ప్రార్థన అయ్యేదాకా ఫ్లాష్ కొట్టొద్దని పాస్టరుగారు ముందే చెప్పారు. పెళ్ళికూతురు తెల్ల చీరలో, తల మీద తెల్ల ముసుగుతో నిలబడి ఉంది. వాళ్ళు బొట్టు పెట్టుకోరు.

ఆయన కెమెరాకు కన్ను పెట్టి లెన్సును ఇటు తిప్పుతాడు, అటు తిప్పుతాడు. నొక్కడు. వెనక వరసలో వాళ్ళు మమ్మల్నే చూస్తున్నారు. కాసేపటికి నా వైపు వంగి మెల్లగా అడిగాడు.

"మే, ఆ పాప కండ్లు మూసుకోనుండాదా, తెరిసిందా?"

ఆ పిల్ల మాకు మా గడప నుంచి మా మంచం ఉన్నంత దూరంలో ఉంది.

చెంబు, గడప, అన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయి. అప్పుడు అడగడానికి వీలు లేదు. "తెరిసింది. ఆరు మూర్లు" అన్నాను. ఆయన వేలు లెన్సు మీద జరిగి ఆగింది. నొక్కాడు. ఆ పొద్దంతా నేను మూరలు చెప్తూనే ఉన్నాను, ఆయన నొక్కుతూనే ఉన్నాడు.

ల్యాబులో నేను మూర చెప్పినవి బాగున్నాయి. నేను భోజనానికి పోయినప్పుడు తీసినవన్నీ మసక. ల్యాబు అతను నవ్వుతూ, "ఏమప్పా, ఈటిని నువ్వు తీసినావా, మీ ఇంట్లో పిల్లి తీసిందా?" అన్నాడు. ఆయన కూడా నవ్వాడు. పుంగనూరు బస్సు ఎక్కినాక కెమెరా సంచి నా ఒళ్ళో పెట్టి కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు.

తర్వాత కుప్పంలో ఒక పెళ్ళికి ఒక్కడే పోతానన్నాడు. నేను సంచి వదల్లేదు.

"కుప్పానికి పోదాం. ముందు కండ్ల డాక్టరు దెగ్గిరికి, ఆమీట పెండ్లికి" అన్నాను.

"తప్పు లెన్సుది మే. నా కండ్లకేమైంది?"

"లెన్సు బాగానే ఉండాది. నువ్వు లేనిపోనివి చెప్పొద్దు నాకు."

ఆయన కూర్చుండిపోయాడు. "ఊర్లో ఎవురికీ చెప్పొద్దు" అన్నాడు.

డాక్టరు నీటికాసులన్నాడు, ఇంగ్లీషులో గ్లకోమా అట. ఒక కంటిలో చూపు దాదాపు పోయిందట, రెండో దాంట్లో సగం. పోయింది రాదు, చుక్కలు వేసుకుంటే ఉన్నది నిలవొచ్చు. అది కూడా ఖాయంగా చెప్పలేదు. కంట్లో లెన్సు మార్చొచ్చు కదా అని ఆయన అడిగాడు. లెన్సు బాగానే ఉంది, వెనక నరం పోయిందన్నాడు డాక్టరు. ఆ పెళ్ళికి వేరే అతన్ని పంపించాం.

కొన్నాళ్ళు కెమెరా బీరువాలోనే ఉంది. ఒక పొద్దున ఆయనే తీశాడు. పాత లెన్సు తడుముకుంటూ బిగించి నా చేతిలో పెట్టాడు. దేవుడి దగ్గరికి పోయి, ఎప్పుడూ బొట్టు పెట్టుకోని మనిషి, కుంకుమతో రూపాయి కాసంత బొట్టు పెట్టుకుని వచ్చి స్టూడియో ముందు కుర్చీలో కూర్చున్నాడు. బొట్టు కొంచెం పక్కకు పోయింది.

"బొట్టు మింద పెట్టు. అంచు గీసినట్టు అయ్యేదాకా తిప్పు" అన్నాడు.

తిప్పాను. బొట్టు వచ్చినట్టే వచ్చి పోతోంది. చివరికి నొక్కాను. చిన్న తెర మీద చూసుకున్నాను.

"బాగొచ్చిందా?"

బాగుందని చెప్పబోయి ఆగాను. ఆయన ముఖం నా గొంతు వైపు తిరిగి ఉంది.

"ఈడ బాగానే ఉండాది. మదనపల్లిలో పెద్ద తెర మింద సూస్తేగానీ తెలీదు" అన్నాను.

ఆయన తలూపి, "అయితే ఇంకోటి తియ్యి" అన్నాడు.