తాగని నాయన

మా నాయన జీవితంలో చుక్క సారాయి తాగలేదు. అయినా పుదుచ్చేరిలో మా వీధి వీధంతా ఆయన్ని తాగుబోతనే అనుకుంది. అలా అనుకునేలా చేసింది మా అమ్మే, నా పెళ్లి కోసం.

నాయన బట్టల మిల్లులో నేతపని చేసేవాడు. నాకు ఊహ తెలిసేసరికే ఆయన నడక మారింది. కాళ్లు ఎడంగా వేస్తూ, గోడ పట్టుకుని నడిచేవాడు. తర్వాత మాట కూడా ముద్దగా రావడం మొదలైంది. ఆయన తల్లి, అంటే మా అవ్వ, అలాగే తూలి తూలి మంచాన పడి చనిపోయిందట. అవ్వ తమ్ముడూ అంతే. ఇంట్లో ఈ సంగతి ఎవరూ ఎత్తేవారు కాదు.

మిల్లు దొర నాయన్ని ఆస్పత్రికి పంపాడు. అక్కడి ఫ్రెంచి డాక్టరు పాదాలు దగ్గరగా పెట్టి నిలబడి కళ్లు మూసుకోమన్నాడట. మూసుకోగానే నాయన పక్కకు ఒరిగిపోయాడు. ఇలాంటి నరాల జబ్బులు తల్లిదండ్రుల నుంచి బిడ్డలకు ఎలా దిగుతాయో ఆ డాక్టరు పరిశోధిస్తున్నాడు. కొన్నాళ్లకు దుబాసీని వెంటబెట్టుకుని మా ఇంటికే వచ్చాడు. అరుగు మీద కూర్చుని, మీ వంశంలో ఇంకెవరికి ఇలా ఉందని అడిగించాడు.

ఆయన వచ్చిన వేళ మంచిది కాదు. నాకు సంబంధం మాట్లాడుతున్నారు. తెల్లదొర వచ్చాడంటే వీధిలో తలుపు తెరవని ఇల్లు లేదు. అమ్మ గడప దాటి వచ్చి, అందరికీ వినబడేలా చెప్పింది.

"రోగమూ లేదు, ఏమీ లేదు దొరా. తాగతాడు. అంతే."

నాయన నామం పెట్టుకోకుండా పచ్చి మంచినీళ్లు కూడా ముట్టని మనిషి. అమ్మ వైపు చూశాడు. తలుపు చాటున ఉన్న నా వైపు చూశాడు. తల దించుకుని, "ఔను దొరా, తాగతా," అన్నాడు. డాక్టరు నమ్మలేదని ఆయన ముఖమే చెప్పింది. కానీ చెప్పనివాడి నోరు ఎవరు తెరిపించగలరు? లేచి వెళ్లిపోయాడు.

నాకు ఒళ్లు మండి అమ్మ మీద విరుచుకుపడ్డాను. అమ్మ నిమ్మళంగా అంది: "తాగుబోతు కూతుర్నైతే చేసుకుంటారు. వంశంలో ఈ రోగముందంటే మన గడప ఎవురు తొక్కుతారు? యాడ నుంచి తెచ్చేది నీకు మొగుణ్ణి?" అప్పట్నుంచి నాయన బయటికి వెళ్తుంటే ఆయన పైగుడ్డ మీద సారాయి చిలకరించేది. ఆ వాసనకు ఆయన మొహం పక్కకు తిప్పుకునేవాడు. అయినా ఆ గుడ్డే వేసుకుని వెళ్లేవాడు.

పెళ్లయింది. మా అత్త చెడ్డది కాదు, నోరు మాత్రం ఊరుకోదు. "మీ నాయన యే అంగట్లో తాగతాడు సారాయం? ఇంత వాసనేంది?" అని నలుగురిలో నవ్వేది. నేను పళ్లు కొరుక్కునేదాన్ని.

నా కొడుకు మొదటి అడుగులు వేసినప్పుడు అత్త అరిసెలు వండించింది. వాటి మీద బిడ్డ చేత అడుగులు వేయించి పంచడం మావాళ్ల ఆనవాయితీ. నాయన గోడలు పట్టుకుంటూ, చెమటలు కక్కుకుంటూ వచ్చాడు. మనవణ్ణి నడిపిద్దామని చేయి చాచాడు. అత్త చటుక్కున బిడ్డను వెనక్కి లాగింది.

"తాగొచ్చి బిడ్డని ముట్టుకోవద్దు, అన్నా."

నాయన చెయ్యి అలాగే గాల్లో ఉండిపోయింది. ఇక నా వల్ల కాలేదు.

"ఆయన తాగడు అత్తా. ఎప్పుడూ తాగలేదు. అది జబ్బు. మా అవ్వకీ అదే వచ్చినాది."

అత్త పట్టు వదిలింది. బిడ్డ రెండడుగులు వేసి, తూలి, చతికిలబడి నవ్వాడు. నడక నేర్చే పిల్లలందరూ అలాగే పడతారు. కానీ ఆ ఇంట్లో అందరి కళ్లూ వాడి కాళ్ల మీదే ఉన్నాయి. నాకు మొదటిసారి భయం వేసింది.

సాగనంపడానికి వెళ్తే వీధి మలుపులో నాయన నా మీద కోప్పడ్డాడు. అంతకుముందు ఆయన నన్ను పల్లెత్తు మాట అనలేదు.

"ఏం పని చేసినావు? నన్ను తాగుబోతంటే నాకేంది? మోస్తా ఉంటిని గదా. ఇంక అందురూ నీ బిడ్డ కాళ్లే చూస్తారు."

డాక్టరు మా ఇంటికొచ్చిన సంగతి కూడా చెప్పేస్తే నా మొగుడు కొన్నాళ్లు నాతో మాట్లాడలేదు. చివరికి, "మీ నాయన్ని పిలువు, ఆ డాక్టరు కాడికి పోదాం," అన్నాడు. బిడ్డనెత్తుకుని అందరం వెళ్లాం.

డాక్టరు నన్ను కూడా కళ్లు మూసుకుని నిలబడమన్నాడు. ఒరగకుండా నిలబడ్డాను. ఇప్పటికి నాకేమీ లేదని దుబాసీ చెప్పాడు. "మరి నా బిడ్డకి?" అన్నాను. డాక్టరు కలం కింద పెట్టాడు. తనకూ తెలియదన్నాడు. తెలుసుకుందామనే ఇంటింటికీ తిరుగుతున్నానని, ఎవరూ నిజం చెప్పడం లేదని అన్నాడు.

బెంచీ మీద కూర్చున్న నాయన తలెత్తి, "రాసుకోమను దొరని," అన్నాడు దుబాసీతో. ముద్దగా వచ్చే మాటల్ని కూడదీసుకుంటూ తన తల్లి పేరు చెప్పాడు. మేనమామ పేరు చెప్పాడు. ఇన్నేళ్లూ దాచిన ఒక్కొక్కరినీ చెప్పి, ఆఖరున తన పేరు చెప్పాడు. ఆ తర్వాత ఎవరని డాక్టరు అడిగాడు. నాయన నా మొహం చూసి నోరు మూసుకున్నాడు.

నా పేరు నేనే చెప్పాను. దాని కింద రాసుకోమని నా బిడ్డ పేరు కూడా చెప్పాను.