అమ్మను మోసుకొని మెట్లు దిగిన రోజు

మా నాన్న సైన్యంలో తుపాకీ పట్టిన మనిషి కాదు. గాయపడ్డవాళ్లను స్ట్రెచర్ మీద వెనక్కి మోసుకొచ్చే దళంలో పనిచేశాడు. యుద్ధం ముగిశాక ఆసుపత్రిలో ఉద్యోగం ఇస్తామన్నారట. ఆ వాసన తనకు పడదని చెప్పి, మా వీధి చివరి బేకరీలో బట్టీ దగ్గర పనికి కుదిరాడు. ఒంట్లో ఓపిక ఉన్నంతకాలం అక్కడే చేశాడు. మేం బడి నుంచి వచ్చేసరికి ముంజేతుల మీద వేడి రేకుల వాతలతో, చెవుల వెనక పిండితో కుర్చీలో కునికిపాట్లు పడుతుండేవాడు. అన్నయ్యా నేనూ చెరో మోకాలి మీదికి ఎక్కేవాళ్లం. కళ్లు తెరవకుండానే ఎవరు ఎటువైపున్నారో చెప్పేసేవాడు. ఎలా తెలిసిందంటే, బరువు చెబుతుందనేవాడు.

యుద్ధం సంగతులు అడిగితే తమాషాగా దాటేసేవాడు. తనకిచ్చిన బూట్లు రెండూ ఎడమకాలివేననీ, సైన్యంలో తను నేర్చుకున్న విద్యల్లా నిలబడి నిద్రపోవడమేననీ చెప్పేవాడు. మేం పడీపడీ నవ్వేవాళ్లం. అమ్మ నవ్వేది కాదు. లేచి వంటింట్లోకి వెళ్లిపోయేది.

డెబ్బై దాటాక మతిమరుపు మొదలైంది. మొదట తాళంచెవులు, తర్వాత దారులు, ఆ తర్వాత మనుషులు. అన్నయ్యను బేకరీ యజమాని అనుకొని, వచ్చినప్పుడల్లా కుర్చీలోంచి లేచి నిలబడేవాడు. అన్నయ్య వేరు కాపురం. పెళ్లి చేసుకోని నేను మాత్రం మూడో అంతస్తు వాటాలో అమ్మానాన్నలతోనే ఉండి, బట్టలు కుట్టుకుంటూ ఇల్లు చూసుకునేదాన్ని.

ఆ ఏడు ఎదురుగా ఉన్న పాత భవనాన్ని కూలగొట్టారు. గోడ పడినప్పుడల్లా మా కిటికీలు అదిరేవి. ఒక ఉదయం అమ్మ జ్వరంతో పడుకొని ఉంటే, నేను మందులకని బయటికెళ్లాను. తిరిగొచ్చేసరికి మెట్ల కింద జనం మూగి ఉన్నారు. మధ్యలో నేలమీద అమ్మ, దుప్పట్లో చుట్టి ఉంది. ఆమె తల నాన్న ఒళ్లో ఉంది. రక్తం ఎక్కడినుంచి వస్తోందా అని ఆయన ఆ దుప్పటంతా తడుముతున్నాడు. నిజానికి రక్తం కారుతున్నది ఆయన నుదుటి నుంచే.

జరిగింది కింది వాటా ఆవిడ చెప్పింది. ఎదురుగా గోడ కూలిన చప్పుడు వినగానే నాన్న అమ్మను వీపున వేసుకొని దిగుతూ, "నిద్రపోకు తమ్ముడూ, మాట్లాడుతూ ఉండు. వచ్చేశాం" అంటున్నాడట. అమ్మేమో "మాట్లాడుతున్నానండీ, మీరు నెమ్మదిగా దిగండి" అంటోందట. చివరి మలుపులో ఆయన మోకాలు మడత పడింది.

అమ్మకు తుంటి ఎముక విరిగింది. తను ఏళ్లతరబడి కడుపులో దాచుకున్న సంగతి ఆసుపత్రి మంచం మీద నాకు చెప్పింది. పెళ్లైన కొత్తలో నాన్న ఒకే ఒక్కసారి చెప్పాడట. కడుపులో తూటా దిగిన ఒక కుర్రాణ్ణి కొండ మీద నుంచి దింపుతుంటే ఫిరంగి గుండు పడి, స్ట్రెచర్ రెండో కొస పట్టుకున్నవాడు అక్కడికక్కడే పోయాడు. నాన్న ఆ కుర్రాణ్ణి వీపున కట్టుకొని, నిద్ర పోనివ్వకుండా దారి పొడుగునా కబుర్లు చెబుతూ దిగాడు. గుడారం దగ్గర దింపాక డాక్టరు చూసి, పోయి చాలాసేపైందన్నాడు. ఆ మాట నమ్మక నాన్న ఆ కుర్రాడితో ఇంకా మాట్లాడుతూనే ఉన్నాడట.

నాన్నను వృద్ధుల ఆసుపత్రిలో చేర్పిద్దామని అన్నయ్య అన్నాడు. తప్పుగా అన్నది కాదు, భయపడి అన్నాడు. అమ్మ ఒప్పుకోలేదు.

"పడిపోతూ కూడా నన్ను వదల్లేదురా. ఆయన్ని ఎక్కడికీ పంపొద్దు."

మళ్లీ మంచం దిగకుండానే అమ్మకు ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరింది. చలికాలం రాకముందే పోయింది. శవాన్ని ఇంటికి తెచ్చినప్పుడు నాన్న పక్కనే కూర్చున్నాడు గానీ, ఎవరో ఏమిటో ఆయనకు అందలేదు. వచ్చినవాళ్లకు మర్యాదగా కుర్చీలు జరిపాడు.

కొన్ని వారాల తర్వాత ఒకరోజు ఉన్నట్టుండి తెలివిలోకి వచ్చి, నన్ను పేరు పెట్టి పిలిచాడు.

"మీ అమ్మేదీ?"

అబద్ధం నోట రాక, ఉన్నమాట చెప్పాను. గోడకు తల ఆనించి చాలాసేపు ఏడ్చాడు. మర్నాడు మళ్లీ అదే ప్రశ్న, మళ్లీ అదే ఏడుపు, అప్పుడే విన్నట్టు. ఇక చెప్పొద్దని అన్నయ్య చేతులు పట్టుకున్నాడు. అప్పట్నుంచి, అడిగినప్పుడల్లా బజారుకెళ్లిందనేదాన్ని.

"వానొచ్చేలా ఉంది, గొడుగు తీసుకెళ్లిందా?" అనేవాడు.

తీసుకెళ్లిందంటే కుదుటపడి, కిటికీ దగ్గర కూర్చొని వీధిలోకి చూసేవాడు. నేను మిషన్ తొక్కుకుంటూ ఉండేదాన్ని. ఆ కుర్చీలోనే, ఒక మధ్యాహ్నం, ఆయనకు కాఫీ కలిపి తెచ్చేలోగా పోయాడు.